అందరివీ ఖాళీ తుపాకులే

తుపాకీ పేలిన చప్పుడు రేకుల కప్పు కింద ఇంకా తిరుగుతూనే ఉంది. హాల్లో ఉన్న వందలాది చేతులు ఒక్కసారిగా నడుముల మీదికి వెళ్లాయి. తుపాకులు బయటికి వచ్చాయి. ప్రతి తుపాకీ గొట్టంలోంచీ పసుపు పచ్చ ప్లాస్టిక్ టాగు ఒకటి బయటికి వేలాడుతోంది. ఆ టాగు ఉన్నంతసేపూ తుపాకీ పేలదు. పట్టుకున్న వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. అయినా పట్టుకుని నిలబడ్డారు, ఎటు గురిపెట్టాలో తెలియక ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటూ.

నేను వేదిక ఎక్కి మైకు అందుకున్నాను.

"తుపాకులు నేల మీద పెట్టండి. పెట్టి వెనక్కి జరగండి. ఎవరూ బయటికి పోవద్దు."

బస్టాండులో ప్రకటన చదువుతున్నట్టుంది నా గొంతు. జనం నేను చెప్పినట్టే చేశారు. నా పేరు నెల్డా క్రౌడర్. మా మిస్సోరి కొండ ప్రాంతపు తుపాకీదారుల సంఘం ఏటా జరిపే మహాసభలో భద్రత చూసే పని నాది. ఇన్నేళ్లలో ఈ మాటలు మైకులో అనాల్సి రావడం ఇదే మొదలు.

రెండో వరుస దుకాణాల దగ్గర ఎవరో నా పేరు పెట్టి పిలిచారు. వెళ్లాను. ఎండు మాంసం అమ్మే గ్లెన్ హస్కిన్స్ తన బల్ల వెనక వెల్లకిలా పడి ఉన్నాడు. పొట్ట పక్కన చొక్కా తడిసిపోతోంది. బల్ల మీది తువ్వాలు లాగి అదిమి పట్టుకున్నాను.

"గాడిద తన్నినట్టుందే నెల్డా," అన్నాడు గ్లెన్. "ఎవడే?"

"మాట్లాడకు."

"తెలిస్తే చెప్పు. వాడికి మళ్లీ కారం మాంసం అమ్మను." నవ్వబోయి ఆగిపోయాడు.

అంబులెన్సు గుమ్మం దాకానే రాగలిగింది. కుర్చీలూ బల్లలూ అడ్డం. స్ట్రెచర్ కోసం ఆగకుండా ఎవరో గ్లెన్ వెనకున్న నీలం పరదాని చువ్వలతో సహా పీకారు. ఆరుగురు పట్టుకుని, దాని మీద వేసి మోసుకుపోయారు. పరదా పోయేసరికి అవతలి దుకాణం కనిపించింది. అది మా నాన్నది. 'తుపాకీ భద్రత, ఉచిత శిక్షణ' అని బోర్డు. నాన్న మడత కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి తల ఊపాడు. నేనూ ఊపాను. నా చేతులకి అంటిన రక్తం అప్పుడే ఆరి బిగుసుకుంటోంది. పక్క దుకాణంలో మొక్కజొన్న చిప్స్ మీద పోసే చీజ్ యంత్రం గుర్రుమంటూ తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపాలనిపించింది, కానీ ఆపలేదు.

*

ఈ టాగుల గొడవ మీదే మా సంఘం రెండు ముక్కలయ్యేంత పనైంది. మధ్యాహ్నం సెనేట్‌కి పోటీ చేస్తున్న అభ్యర్థి వచ్చి మాట్లాడాలి. ఆయన అంగరక్షకులు, తూటా ఉన్న తుపాకీ ఒక్కటి కూడా హాల్లో ఉండకూడదన్నారు. మా అధ్యక్షుడు డ్వేన్ కెట్నర్ బల్ల మీద కొట్టాడు.

"తుపాకీ హక్కుల సభకి తుపాకీ లేకుండా రమ్మంటారా? పెళ్లికూతుర్ని ఇంట్లో పెట్టేసి పెళ్లికి రమ్మన్నట్టుంది."

చివరికి మధ్యేమార్గం కుదిరింది. తుపాకీ ఎవరి నడుము మీద వాళ్లకే ఉంటుంది. కాని గుమ్మం దగ్గర ఖాళీ చేయాలి. అక్కడ ఇసుక నింపిన పీపా పెట్టాం. ఎవరి తుపాకీ వాళ్లు దానికేసి పెట్టి తూటాలు తీస్తారు. తర్వాత వాండా హస్కిన్స్ వేలు పెట్టి తడిమి, లోపల ఏమీ లేదని చూసుకుని, టాగు దూర్చి బిగిస్తుంది. వాండా స్కూలు బస్సు నడుపుతుంది. గ్లెన్ మాజీ భార్య. నోరు పెద్దది, చేయి నమ్మకం. అందుకే ఆ బల్ల దగ్గర ఆమెను పెట్టాను.

కాపలా మనిషి కాబట్టి హాలు మొత్తంలో తూటాలున్న తుపాకీ వాండా ఒక్కదాని దగ్గరే ఉంది.

షెరీఫ్ ఆఫీసు నుంచి వచ్చిన పోలీసు అధికారి లైల్ ప్రూట్ ముందు ఆ సంగతే పట్టుకున్నాడు. లైల్ నాకు బడిలో ఒక ఏడాది వెనక. నింపాదిగా మాట్లాడతాడు, నింపాదిగానే ఉచ్చు బిగిస్తాడు.

"తూటా దొరికిందా?" అని అడిగాను.

"దొరికింది. గ్లెన్‌లోంచి పోయి ఇనుప స్తంభానికి తగిలింది. చప్పబడి రేకు ముక్కలా అయిపోయింది. ఏ తుపాకీదో అది చెప్పదు."

"గొట్టాల్లో మసి?"

"నిన్న మీరంతా పోటీల్లో కాల్చారు గదా. మసి లేని గొట్టం చూపించు, బహుమతి ఇస్తా." టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "టాగు లేని తుపాకీ ఒక్కటే. దాంట్లో ఒక తూటా తక్కువ. ఆ టైముకి వాండా బల్ల దగ్గర లేదు. కాఫీకి వెళ్లానంటోంది. ఆమె కాఫీ తీసుకోవడం ఎవరూ చూడలేదు."

"వాండా ఎప్పుడూ ఒక తూటా తక్కువే పెడుతుంది. స్ప్రింగు పాడవుతుందని."

"పొద్దున గ్లెన్‌తో ఏమందో విన్నావా?"

విన్నాను. అందరం విన్నాం. గ్లెన్ తన తుపాకీ చూపించడానికి వరుసలో నిలబడి, "జాగ్రత్తగా తడుమే, పాత జ్ఞాపకాలొస్తాయి," అన్నాడు. వాండా తల కూడా ఎత్తకుండా, "నిన్ను కాల్చాలన్నా తూటా దండగరా, పక్కకి జరుగు," అంది. వరుసంతా పగలబడి నవ్వింది. గ్లెన్ అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఇప్పుడు అదే మాటని ఒక్కొక్కరూ లైల్‌కి నవ్వు తీసేసి అప్పజెప్పారు.

వాండా కార్యాలయం గదిలో కూర్చుని ఉంది. తలుపు దగ్గర కాపలాగా లైల్ కింద పనిచేసే డిప్యూటీ ఒకడు. నన్ను చూడగానే లేచింది.

"ఏమే, నువ్వు కూడా నేనే అనుకుంటున్నావా?"

"అనుకోవడం నా పని కాదు. ఒకటి అడుగుతాను, చెప్పు. పొద్దున ఎవర్నైనా తడమకుండా లోపలికి పంపావా?"

"లేదు."

"డ్వేన్‌ని?"

"ఆ డ్వేన్ గాడిని రెండుసార్లు తడిమాను. అధ్యక్షుణ్ని నాకెందుకు టాగు అన్నాడు. అధ్యక్షుడైతే తుపాకీ పేలదా అన్నాను." మళ్లీ కూర్చుంది. "అందర్నీ చూశాను నెల్డా. మాస్టార్ని తప్ప. మీ నాన్నకి టాగు చేతికిచ్చాను, మీరే వేసుకోండి మాస్టారూ అని. నాకు తుపాకీ పట్టుకోవడం నేర్పిన మనిషి ఆయన. ఆయన తుపాకీలో నేను వేలు పెడితే ఏం బాగుంటుంది?"

నేనూ అలాగే చేసి ఉండేదాన్ని. ఈ హాల్లో ముప్పావు వంతు మందికి నేర్పింది నాన్నే. లైల్‌కి నేర్పాడు. డ్వేన్‌కి నేర్పాడు. అందరూ మాస్టారనే పిలుస్తారు. ఆ మాట విని, సరే అని, బయటికి వచ్చాను.

డ్వేన్ వరండాలో నా కోసం కాచుకుని ఉన్నాడు.

"ఆ అభ్యర్థి రావట్లేదట. సగం దారి నుంచే వెనక్కి తిప్పేశారు." గొంతు తగ్గించాడు. "చూడు నెల్డా. వాండా చేసిందంటే అది మొగుడూ పెళ్లాల గొడవ. ఎక్కడైనా జరుగుతుంది. వంటింట్లో కత్తితో జరుగుతుంది. అదే ఎవడిదో చేయి జారి పేలిందనుకో, టాగులూ పీపాలూ అన్నీ పెట్టుకుని మన సభలో మనమే ఒకణ్ని కాల్చుకున్నామనుకో, రేపు పొద్దున టీవీల్లో మనమే. వచ్చే ఏడు మనకి ఈ హాలు కాదుగదా, కోళ్లషెడ్డు కూడా ఎవడూ ఇవ్వడు."

"అయితే?"

"అయితే ఏం లేదు. లైల్‌ని వాడి పని చేసుకోనీ. నువ్వు తవ్వకు."

*

నాన్న ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. తుపాకీ అందరివాటితో పాటు పోలీసులు తీసుకున్నారు. నడుముకి ఖాళీ తోలు సంచి వేలాడుతోంది. డెబ్బై దాటాక నాన్న చేతులు వణకడం మొదలైంది. ఈ చలికాలం నుంచి మాటలు కూడా మధ్యలో జారిపోతున్నాయి. కారు తాళం ఫ్రిజ్‌లో దొరుకుతుంది. ఎప్పుడో చచ్చిపోయిన కుక్కని పిలుస్తాడు. అయినా తుపాకీ చేతిలో ఉంటే మాత్రం అన్నీ సరిగ్గా చేసేవాడు. డాక్టరు కూడా చెప్పాడు, చేతికి అలవాటైనవి చివరిదాకా ఉంటాయని.

"నాన్నా, బాగానే ఉన్నావా?"

"ఆయాసంగా ఉంది అమ్మడూ. మాత్ర ఇవ్వు. జేబులో ఉంది చూడు. ఈ వేళ్లతో తీయడం నా వల్ల కావట్లేదు."

నాన్న ఒంటి మీది చొక్కా, సభలో పనిచేసే వాళ్లందరికీ ఆ ఉదయమే పంచినది. ప్లాస్టిక్ సంచి చింపి, కాలరు గుండీ కూడా నేనే పెట్టి, ట్రక్కులో నాన్నకి తొడిగాను. మాత్రల డబ్బా ఆ జేబులో వేసింది నేనే. వేసినప్పుడు జేబులో ఇంకేమీ లేదు.

ఇప్పుడు ఉంది. డబ్బాతో పాటు చిన్న ఇత్తడి గుల్ల ఒకటి నా వేళ్లకి తగిలింది. తూటా పేలాక తుపాకీ పక్కకి విసిరేసే గుల్ల. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అప్పుడే కాలిన తుపాకీ మందు వాసన. నిన్నటి గుల్ల ఇలా ఘాటుగా ఉండదు.

నాన్నకి మాత్ర ఇచ్చాను. నీళ్లు తాగించాను. గ్లాసు పక్కన పెట్టాను.

"ఇది ఎక్కడిది నాన్నా?"

"నేల మీద పడింది, తీసుకున్నాను. ఇత్తడి వదిలేస్తామా? మళ్లీ నింపుకోవచ్చు." నన్ను పసిపిల్లని చూసినట్టు చూశాడు. "కాల్చిన చోట గుల్ల వదిలేసి రాకూడదని నీకెన్నిసార్లు చెప్పాను?"

"ఎప్పుడు తీశావు?"

"ఇందాకే. ఖాళీ చేశాక. వాండా టాగు ఇచ్చింది గదా. అక్కడ అందరి ముందూ ఈ చేతులతో ఎందుకులే అని, ఇక్కడికొచ్చి పరదా వేసుకుని చేశాను. చేశాక టాగు కూడా నేనే దూర్చాను."

కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. చుట్టూ జనం వరసలుగా నిలబడి పోలీసులకి పేర్లు చెబుతున్నారు. మమ్మల్ని ఎవరూ చూడట్లేదు.

"ఎలా చేశావో చూపించు."

"నీకు తెలియదా?"

"చూపించు నాన్నా."

ఖాళీ చేతుల్లో తుపాకీ ఉన్నట్టు ఎత్తి పట్టాడు. ఎడమ చేత్తో గొట్టం మీద జారే స్లైడు వెనక్కి లాగాడు. లోపలున్న తూటా బయటికి పడ్డట్టు కిందికి చూశాడు. తర్వాత బొటనవేలితో బొత్తాం నొక్కి, తూటాల మ్యాగజైను పిడిలోంచి జార్చాడు. తర్వాత, లోపల ఏమీ లేదని రుజువు చేసుకోవడానికి పోటీల్లో వాళ్లంతా చేసే ఆఖరి పని. తుపాకీ వెనక పరదా ఉన్న వైపుకి పెట్టి ట్రిగ్గరు మీట లాగాడు. టిక్‌మనాలి. టిక్‌మంటే ఖాళీ.

"ముందు ఏది తీశావు నాన్నా?"

"స్లైడు."

"మ్యాగజైను ఎప్పుడు తీశావు?"

"తర్వాత."

చెప్పి ఆగాడు. గాల్లో ఉన్న చేతులు అలాగే ఆగిపోయాయి. మళ్లీ మొదటి నుంచి చేశాడు. స్లైడు, మ్యాగజైను, మీట. మళ్లీ చేశాడు. మ్యాగజైను లోపల ఉండగా స్లైడు లాగితే, ఒక తూటా బయటికి పోయిన చోటికే దాని వెనకది ఎక్కి కూర్చుంటుంది. మా ఊళ్లో పదేళ్ల పిల్లలకి కూడా నాన్న మొదటి రోజు నేర్పే పాఠం అదే. ముందు మ్యాగజైను, తర్వాతే స్లైడు. వరస తప్పితే ఖాళీ తుపాకీయే మనిషిని చంపుతుంది అనేవాడు.

నాన్న చేతులు ఒళ్లోకి దిగాయి.

"అక్కడ గోడ గదమ్మా," అన్నాడు. "ప్రతి ఏడూ నా వెనక గోడే ఇస్తారు గదా."

"ఈ ఏడు వరసలు మార్చారు నాన్నా."

"పరదా ఉంది. పరదా వెనక గోడ ఉంటుంది."

"పరదా వెనక గ్లెన్ ఉన్నాడు."

ఆయన మొహంలో సంగతి దిగడం చూశాను. నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టు గట్టిగానే ఉంది. కొంతసేపటికి సడలింది. కళ్లు నా భుజం మీదుగా ఎటో పోయాయి.

"గ్లెన్‌ని భోజనానికి రమ్మన్నావా?" అన్నాడు. "ఆదివారం చేపలకి పోదామన్నాడు. ఎర వాడే తెస్తానన్నాడు."

"నాన్నా, ఇప్పుడు నాకు చెప్పింది లైల్‌కి చెబుతావా?"

"ఏం చెప్పాను?"

ఎదురు చూశాను. నా కోసం దాస్తున్నాడేమో అనుకున్నాను. లేదు. నా చేతిలో గుల్ల చూసి, "జాగ్రత్తగా పెట్టు, మళ్లీ నింపుకోవచ్చు," అన్నాడు.

ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. ఏమీ రాలేదు. వేలి చివర్లు మొద్దుబారినట్టు ఉన్నాయి, చలిలో తొడుగు లేకుండా తిరిగినప్పటిలా. గుల్లని పిడికిట్లో పెట్టుకుని లేచాను.

ఆ గుల్లని చీజ్ యంత్రం పక్కనున్న చెత్తబుట్టలో వేస్తే అయిపోతుంది. బుట్టనిండా కాగితం గిన్నెలు, సాయంత్రానికి లారీ వచ్చి తీసుకుపోతుంది. నాన్నకి రేపటికి ఏదీ గుర్తుండదు. గ్లెన్‌ని అడుగుతూ ఉంటాడు, నేను ఏదో చెబుతూ ఉంటాను. ఆ బుట్ట దగ్గర నిలబడ్డాను కూడా.

అప్పుడే లైల్ ఫోను చెవి దగ్గర్నుంచి దించాడు. టోపీ తీశాడు. హాల్లో ఒక్కొక్కరే చూసి టోపీలు తీయడం మొదలుపెట్టారు. గ్లెన్ పోయాడని అలా తెలిసింది.

కార్యాలయం గది తలుపు తెరుచుకుంది. డిప్యూటీ వాండాని బయటికి తెచ్చాడు. చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు. జనం దారి ఇచ్చారు. పొద్దున ఆమె మాటకి నవ్విన వాళ్లే.

"చచ్చిపోయాడా?" అని అడిగింది వాండా, ఎవర్నీ కాకుండా. "చెప్పండ్రా. ఇరవై ఏళ్లు వాడికి వండిపెట్టాను. నాకు చెప్పకపోతే ఎవరికి చెబుతారు?"

"పోయాడు వాండా," అన్నాను.

తల ఊపింది. నా వైపు చూసి, "నా కుక్కకి ఎవరైనా తిండి పెట్టండే," అంది. "వెనక తలుపు గడియ పడదు. తోస్తే వస్తుంది."

డ్వేన్ నా పక్కకి వచ్చి మోచేయి పట్టుకున్నాడు. "మాస్టార్ని ఇంటికి తీసుకుపో నెల్డా. పెద్దాయన బెదిరిపోయాడు. ఇక్కడ సంగతి నేను చూసుకుంటా."

నా పిడికిలి చూశాడో లేదో నాకు తెలియదు. మోచేయి విడిపించుకున్నాను.

"లైల్," అన్నాను. "ఆమెని ఆపు."

లైల్ ఆగాడు. దగ్గరికి వెళ్లి అతని అరచేతిలో గుల్ల పెట్టాను. దాన్ని తిప్పి చూశాడు. వాసన చూశాడు. అతనికి కూడా వివరించక్కర్లేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో నాకు తెలుసు. కాల్చాక గుల్ల ఏరుకోకుండా ఉండలేని మనిషి ఎవరో అతనికీ తెలుసు. పరదా పోయిన ఖాళీలోంచి అవతలికి చూశాడు. నాన్న కుర్చీలో ఉన్నాడు. చేతులు మళ్లీ గాల్లోకి లేచి ఏదో లాగుతున్నాయి, ఏదో జారుస్తున్నాయి.

"ఎక్కడ దొరికింది?"

"కొత్త చొక్కా జేబులో. ఇవాళ పొద్దున నేను తొడిగిన చొక్కా. పరదా వెనక తుపాకీ ఖాళీ చేశాడు. వరస తప్పాడు. ఖాళీయే అనుకుని మీట లాగాడు. ఆయనకి చెప్పడం రాదు లైల్. ఇప్పుడే చెప్పి ఇప్పుడే మర్చిపోయాడు."

"నెల్డా," అన్నాడు డ్వేన్ వెనక నుంచి.

లైల్ ఛాతీ మీదున్న చిన్న రికార్డరు మీట నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది.

"ఇలా చెబితే చాలదు," అన్నాడు మెల్లగా. "మళ్లీ చెప్పాలి నువ్వు. పేరుతో సహా. అందరికీ వినబడేలా."

వాండా నన్నే చూస్తోంది. టోపీలు చేతుల్లో పట్టుకుని హాలంతా నన్నే చూస్తోంది. నాన్న కూడా తలెత్తాడు. క్లాసులో పాఠం అప్పజెప్పే పిల్లని చూసినట్టు, గట్టిగా చెప్పు అన్నట్టు గడ్డం ఎత్తాడు.

"గ్లెన్ హస్కిన్స్‌ని కాల్చింది ఎమ్మెట్ క్రౌడర్," అన్నాను. "మా నాన్న."